తంపర వైపు చూడకుండా పర్యావరణం బోధించడం ఎలా?

మాస్టారూ, గ్రీన్ క్లబ్ కన్వీనరు పదవి ఈ ఏడాది మీ నెత్తిన పడిందని తెలిసింది. బోటనీ ఆయన చాకచక్యంగా తప్పుకున్నారు, జువాలజీ ఆవిడ సెలవులో ఉన్నారు, కామర్సు చెప్పుకునే మీరు స్టాఫ్ రూములో దొరికిపోయారు. కంగారు పడకండి. టెక్కలి, సంతబొమ్మాళి, పలాస చుట్టుపక్కల ఏ కాలేజీలోనైనా పిల్లల్ని హరిత ఉద్యోగాలకి తయారుచేయడం బహు తేలిక. ఒక్క జాగ్రత్త చాలు. వాళ్లు భావనపాడు రోడ్డెక్కకుండా చూసుకోవాలి.

ఆ రోడ్డు మంచిది కాదు. టెక్కలిలో బయల్దేరితే నౌపడ దగ్గర ఉప్పుమళ్లు తగులుతాయి. ఓ పక్కకి తిరిగితే తేలినీలాపురం, చెట్ల నిండా గూడబాతులు. ఇంకో పక్క కాకరాపల్లి తంపర, చేపలూ పక్షులూ ఉండే చిత్తడి నేల. చివర భావనపాడు హార్బరు, దాని పొరుగునే మూలపేట పోర్టు, సీజన్లో వెళ్తే ఇసుకలో తాబేళ్ల గుడ్లు. సగం రోజులో సిలబస్ మొత్తం అయిపోతుంది. ఆ తర్వాత సెమిస్టరంతా మీరేం చెబుతారు?

ముందు ఈ పర్యావరణం పేపరు మన మీదికి ఎలా వచ్చిందో తెలుసుకోండి, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు అడుగుతారు. ఎం.సి.మెహతా అనే లాయరు వేసిన కేసులో 1991లో సుప్రీంకోర్టు, పర్యావరణం అన్ని స్థాయిల్లోనూ చెప్పాల్సిందేనంది. పన్నెండేళ్లు గడిచినా ఎవరూ పెద్దగా కదలకపోతే 2003లో మళ్లీ గట్టిగా చెప్పింది. అప్పుడు యూజీసీ డిగ్రీ పిల్లలందరికీ యాభై క్లాసుల కోర్సు ఒకటి తయారుచేసింది. నూరు మార్కులు. అందులో 75 రాతకి, 25 ఫీల్డ్ వర్కుకి. దగ్గర్లోని నదో కొండో అడవో చూసి రాయాలి, కలుషితమైన చోటు ఒకటి చూసి రాయాలి, పక్షుల్నీ పురుగుల్నీ గుర్తుపట్టాలి, చెరువులాంటి చిన్న జీవావరణాన్ని పరిశీలించాలి. 2023 జనవరిలో కొత్త మార్గదర్శకాలు వచ్చి నాలుగు క్రెడిట్లు అయింది. మీరు చేయాల్సిందల్లా పాత స్లైడ్ల మీద సంవత్సరం దిద్దడమే.

ఆ పాతిక మార్కుల దగ్గరే తెలివి చూపించాలి. ఫీల్డ్ వర్కు వద్దని ఎవరికీ చెప్పకండి. బస్సు మాట్లాడి విశాఖపట్నం తీసుకెళ్లండి. ఆర్కే బీచి, కైలాసగిరి, సాయంత్రం ఐస్‌క్రీము. పిల్లలు సంతోషిస్తారు, ఫొటోలు బాగా వస్తాయి, వెనకాల సముద్రం కనిపిస్తుంది కాబట్టి ‘తీర ప్రాంత అధ్యయనం’ అని కింద రాసుకోవచ్చు. ఇంటి వెనక సముద్రం ఉన్న పిల్లాణ్ణి సముద్రం చూపించడానికి మరో జిల్లాకి తీసుకెళ్లడమేమిటని ఎవరో ఒకరు గొణుగుతారు. పట్టించుకోకండి. ఇంటి వెనక సముద్రానికి టిక్కెట్టు ఉండదు, బిల్లు రాదు. బిల్లు లేని ఫీల్డ్ వర్కు ఆడిట్‌లో నిలబడదు.

తేలినీలాపురం మాత్రం తప్పదంటారా, సరే. టెక్కలికి మరీ దగ్గర, పేపర్లో కూడా పడుతూ ఉంటుంది. వెళ్లండి. బోర్డు దగ్గర నిలబెట్టి, ‘వేల మైళ్లు దాటి సైబీరియా నుంచి వచ్చిన అతిథులు’ అని చెప్పి తిరిగి తీసుకొచ్చేయండి. పుస్తకం తెరవకండి. తెరిస్తే, అక్కడ గూళ్లు కట్టేవి ఎక్కువగా గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ అనీ, గూడబాతు దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాల్లో తప్ప పిల్లల్ని చేయదనీ, సైబీరియా మొహం అది ఎన్నడూ చూసి ఉండదనీ తెలిసిపోతుంది. అక్కడితో ఆగితే పరవాలేదు. సైబీరియా పక్షి అయితే దాని బాగోగులు సైబీరియా వాళ్లు చూసుకుంటారు. మన పక్షి అని తేలిందా, ఇక ప్రశ్నలు మొదలవుతాయి. గూట్లో పిల్లకి రోజూ చేప కావాలి కదా, ఆ చేప ఎక్కణ్ణుంచి తెస్తోంది? తంపరలోంచి, నౌపడ కయ్యల్లోంచి. మరి ఆ నీళ్లు పోతే? వెనక బెంచీలోంచి సంతబొమ్మాళి అమ్మాయి లేచి, ‘మాస్టారూ, తంపర కప్పెట్టీసినాక పచ్చులేటి తింటాయండి?’ అంటుంది. ఇలాంటి పిల్లల్ని గుర్తుపెట్టుకొని తర్వాతి ట్రిప్పులో రిజిస్టరు రాసే పని అప్పగించండి.

ఉప్పు సంగతి ఇంకా జాగ్రత్త. నౌపడ ఉప్పు బ్రిటిష్ వాళ్ల నాటి నుంచీ పేరున్నది. సముద్రపు నీళ్లు పారించి, మళ్లకి మళ్లు మార్చి, ఎండకీ గాలికీ ఆరబెట్టి చేస్తారు. ఆరడానికి పైసా కరెంటు అక్కర్లేదు. దేశమంతా సౌరశక్తి, సౌరశక్తి అని ఇవాళ అరుస్తోంది గానీ ఈ జిల్లాలో తరతరాలుగా ఎండతోనే ఉద్యోగం చేస్తున్నది ఉప్పు కార్మికులే. దీన్ని క్లాసులో చెప్పారనుకోండి, కెమిస్ట్రీ వాళ్లు ఊరుకోరు. సముద్రపు నీరు బామే మీటరు మీద మూడు డిగ్రీల చిల్లర ఉంటుంది. చిక్కబడుతున్న కొద్దీ ముందు సున్నమూ జిప్సమూ దిగిపోతాయి. 25 డిగ్రీల దగ్గర ఉప్పు పేరుకోవడం మొదలవుతుంది. 29, 30 దాటనిస్తే మెగ్నీషియం లవణాలు కలిసి సరుకు చేదెక్కుతుంది, అంతకు ముందే ఆ నీరు వదిలేయాలి. ఎప్పుడు వదలాలో అనుభవమున్న మేస్త్రీ నీటి రంగు చూసి చెబుతాడు. మన బీఎస్సీ పిల్లలు అదే పాఠాన్ని ల్యాబులో సీసామీద అంటించిన చీటీ చూసి నేర్చుకుంటున్నారు. అలాగే నేర్చుకోనివ్వండి. మేస్త్రీని క్లాసుకి పిలిచి మాట్లాడిస్తే ఆయనకి గౌరవ వేతనం ఇవ్వాలి, ఏ ఖాతాలో రాస్తారు? ‘విజిటింగ్ ఫ్యాకల్టీ’కి పీజీ ఉండాలి. పైగా ఆయన చెప్పులు విప్పి కాళ్లు చూపించాడంటే, పచ్చని ఉద్యోగంలో కూడా మనిషి చర్మం ఎలా పగులుతుందో పిల్లలకి అర్థమైపోతుంది. అది సిలబస్‌లో లేదు.

తాబేళ్ల గురించి మీరు ఎలాగూ డ్రాయింగ్ పోటీ పెడతారు, మంచిదే. బొమ్మ దాటి ముందుకి వెళ్లకండి. జనవరి మొదలు ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లేలు ఈ తీరంలో గుడ్లు పెడతాయి. అటవీ శాఖ ఆ గుడ్లని ఏరించి, కంచె కట్టిన హేచరీల్లో మళ్లీ ఇసుకలో పూడ్పిస్తుంది. రాత్రిళ్లు ఒడ్డు వెంట తిరిగేది, కాపలా కాసేది ఊళ్లో మత్స్యకార కుర్రాళ్లే. పిల్ల బయటికి రావడానికి నలభై అయిదు నుంచి అరవై రోజులు పడుతుంది. ఆడదా మగదా అన్నది ఇసుక వేడిని బట్టి తేలుతుంది. వేడెక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి. భూతాపం మీద మీరు నలభై స్లైడ్లు వేసినా చెప్పలేనిది ఇసుకలో గుచ్చిన ఒక్క థర్మామీటరు చెప్పేస్తుంది. స్లైడ్లు చేసిన మీ కష్టం ఏమైపోవాలి? థర్మామీటర్లు ఫిజిక్సు బీరువాలోనే ఉండనివ్వండి, తాళం చెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియకపోతే మరీ మంచిది.

ఫిజిక్సు వాళ్లకి ఇంకో మాట అసలు తెలియనివ్వకండి. ట్రాలు వలలో చిక్కిన తాబేలు గాలి అందక చచ్చిపోతుంది. వల గొంతులో ఊచల చట్రం ఒకటి ఏటవాలుగా బిగిస్తే రొయ్య ఊచల సందుల్లోంచి వెనక్కి పోతుంది, తాబేలు చట్రానికి తగిలి పైనున్న కంతలోంచి బయటపడుతుంది. కొచ్చిలోని మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకి సరిపోయేలా ఇలాంటిది చేసింది. ఆ సంస్థ శాఖ విశాఖలోనే ఉంది. బోటు వాళ్లు మాత్రం, చేప కూడా ఆ కంతలోంచే పోతోందని దాన్ని బిగించుకోరు. ఈలోగా, తాబేళ్ల రక్షణ సరిగా లేదన్న కారణం మీద 2019 నుంచి అమెరికా మన సముద్రపు రొయ్యని కొనడం మానేసింది, చెరువు రొయ్యని మాత్రం కొంటోంది. అంటే ఊచల మధ్య ఎడం ఎంత ఉండాలి, కంత ఎక్కడ పెడితే చేప తక్కువ పోతుంది అన్న చిన్న లెక్క వెనక విదేశీ మార్కెట్టూ, బోటు యజమాని జేబూ, తాబేలు ప్రాణమూ మూడూ ఉన్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, కొలతలు తీసుకోవడానికి ఎవరూ అడ్డుచెప్పరు. సరిగ్గా అప్పుడే మన పిల్లలకి సెలవులు. ఇంతకన్నా మంచి ప్రాజెక్టు దొరకదు కాబట్టి ఇది ఇవ్వొద్దు. చెత్తబుట్టకి చక్రాలు బిగించి ‘స్మార్ట్ బిన్’ అని పేరు పెట్టమనండి. ఏటా ఆరు బ్యాచులు చేస్తాయి, ఒక్కటీ కదలదు, అన్నిటికీ మార్కులు పడతాయి.

మొక్కలు నాటే కార్యక్రమానికి ఎక్కువ చెప్పక్కర్లేదు. గొయ్యి ముందే తవ్వించాలి, ముఖ్య అతిథి నీళ్లు పోసే క్యాను కొత్తదై ఉండాలి. మొక్క కోనోకార్పస్ అయితే శ్రేష్ఠం, ఆర్నెల్లలో గోడలా లేస్తుంది. తెలంగాణలో దాన్ని నాటొద్దన్నారట, అది వాళ్ల సంగతి. పొన్న, మొగలి, సరుగుడు లాంటివి నాటాలని పాత తరం బోటనీ వాళ్లు పట్టుబడతారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస ఎలా కూలాయో, గాలికి ఏ చెట్టు ఎలా నిలబడిందో వాళ్లకి గుర్తుంటుంది. తుపానుకి నిలబడే చెట్టు ఫొటోలో చిన్నగా కనబడుతుందని వాళ్లకి నచ్చచెప్పండి.

కాలేజీలకి గుర్తింపునిచ్చే నాక్ సంగతికి వద్దాం, ఇదే అసలు పరీక్ష. ఏడో క్రైటీరియన్‌కి నూరు మార్కులు, అందులో మన గ్రీన్ ఆడిట్, ఎనర్జీ ఆడిట్, వాననీటి గుంట, ఎల్ఈడీ బల్బులు అన్నీ వస్తాయి. ఎనర్జీ ఆడిట్ బయటి ఏజెన్సీకి ఇచ్చేయండి. పిల్లల చేత చేయిస్తే నేర్చుకుంటారు. నేర్చుకున్నవాడు ఊరికే ఉండడు. పలాసలో జీడి కార్ఖానాకి వెళ్లి, గింజ ఉడికించే బాయిలరు పొగగొట్టం దగ్గర వేడి ఎంత ఉంది, తొక్క ఎంత తగలబెడుతున్నారు, ఎంత వేడి గాల్లో కలిసిపోతోంది అని లెక్కలు వేస్తాడు. యజమానికి నెలకి ఇంత మిగులుతుందని కాగితం మీద చూపిస్తాడు. ఆ తర్వాత కేంద్రం వారి ఎనర్జీ ఆడిటర్ పరీక్ష ఒకటుందని తెలుసుకుంటాడు, చదువు అయిపోయాక అనుభవం సంపాదించుకొని రాస్తాడు, పాసవుతాడు, మనకి చెప్పకుండా నిజంగానే హరిత ఉద్యోగం సంపాదించేసుకుంటాడు. మన రికార్డుల్లో పడని ఉద్యోగం వల్ల మనకి లాభమేమిటి?

మొదటి ఏడాది అయ్యాక డిగ్రీ పిల్లలు చేయాల్సిన కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు గురించి మీకు ఆందోళన అక్కర్లేదు. కాలేజీ ఎదుట జిరాక్సు షాపులో రిపోర్టులు సిద్ధంగా ఉంటాయి. ఊరు పేరు మాత్రం మార్చమని చెప్పండి, పోయినేడు ఒకడు అదీ మార్చకుండా కృష్ణా జిల్లా గ్రామాన్ని మందస పక్కన పెట్టాడు. ఉద్దానం బావుల నీళ్లు పరీక్ష చేస్తామని ఎవరైనా వస్తే సున్నితంగా వద్దనండి. నీళ్లు పరీక్ష చేస్తే ఫలితాలు వస్తాయి.

ఇక ప్లేస్‌మెంట్లు. ఇక్కడ లెక్క పెద్దదిగా కనబడాలి. 2024లో వచ్చిన రాష్ట్ర సమీకృత స్వచ్ఛ ఇంధన విధానం పది లక్షల కోట్ల పెట్టుబడులూ ఏడున్నర లక్షల ఉద్యోగాలూ వస్తాయంది. పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి 2025 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేశారు. ఈ రెండు వాక్యాలూ ప్రాస్పెక్టస్ మొదటి పేజీలో పడాలి. ఏడున్నర లక్షల్లో మన కాలేజీ వాటా ఎంత అని అడిగేవాళ్లకి రెండో పేజీ చూడమనండి, అందులో చైర్మన్ గారి ఫొటో ఉంటుంది. మూలపేట పోర్టుని కాగితాల మీద గ్రీన్‌ఫీల్డ్ పోర్టు అంటారు గదా, అందులో సెక్యూరిటీ గార్డుగా చేరిన మన బీఏ కుర్రాణ్ణి నిక్షేపంగా గ్రీన్ జాబ్ ఖాతాలో వేసుకోవచ్చు.

సోలారు ప్యానెళ్ల బిగింపు మాత్రం డిగ్రీ పిల్లల దరికి రానివ్వకండి. సూర్యమిత్ర అని ఆరువందల గంటల శిక్షణ ఒకటుంది. మూడు నెలల్లో పని వస్తుంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన సూర్యఘర్ పథకం కోటి ఇళ్ల మీద ప్యానెళ్లు పెట్టాలని చూస్తోంది. ఇక్కడ ఉప్పుగాలికి నట్లూ బోల్టులూ ఎలా తుప్పుపడతాయో, తిత్లీ లాంటి గాలికి చట్రం ఎగిరిపోకుండా ఎలా కట్టాలో తెలిసిన మనిషికి పని ఉండకపోదు. కానీ చూడండి, డిగ్రీ చదివిన పిల్లాడు స్పానరు పట్టుకుని డాబా ఎక్కితే పెళ్లి సంబంధాలు వస్తాయా? హైదరాబాదులో ఏసీ గదిలో కూర్చుని ‘సుస్థిరాభివృద్ధి నివేదికలు’ తయారుచేయడమే ఉద్యోగమంటే. ఇక నాన్న వలలు కుట్టుకుంటూ, చేపల సీజన్లో గుజరాత్‌లోని వెరావల్ బండెక్కే కుటుంబం నుంచి వచ్చిన పిల్లాడికి ఏం చెప్పాలంటారా? అలాంటి కుటుంబాల మగవాళ్లు కొందరు 2018లో పాకిస్తాన్ వారికి చిక్కి, 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు. దాని మీద ‘తండేల్’ సినిమా కూడా వచ్చింది. సినిమా చూడమని చెప్పండి. హరిత ఉద్యోగమంటే ప్రకృతికి మేలు చేయడమే కాదు, చేసే మనిషికి మర్యాదైన బతుకూ కావాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ వాళ్లు 2008 నాటి నుంచీ అంటూనే ఉన్నారు. ఆ రెండో సగం స్లైడులో పట్టదు.

కడపటిదీ అతి ముఖ్యమైనదీ చెబుతాను. మీ దగ్గర బాగా చదివినవాడు, మీరు చెప్పినవన్నీ అక్షరాలా పాటించినవాడు, రేపు ఒక కన్సల్టెన్సీలో చేరతాడు. పర్యావరణ ప్రభావ అంచనా అని పెద్ద ఉద్యోగం. 2006 నోటిఫికేషన్ ప్రకారం ఫ్యాక్టరీ పెట్టేవాడు ఆ నివేదిక ఇవ్వాలి, ఊళ్లో ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. గాలి లెక్కలు వానాకాలం మినహా ఒక్క సీజనువి చాలు. ఈ వెసులుబాటుని నేలకి కూడా వాడుకోవడం మీ శిష్యుడికి మీరు ఇప్పటి నుంచే నేర్పాలి. తంపరని మే నెలలో చూడమనండి. నెర్రెలిచ్చిన నేల, రెండు మేకలు. ఫొటో తీసి ‘బీడు’ అని రాయొచ్చు. అక్టోబరులో అదే చోట మోకాటి లోతు నీళ్లు, చేపలు, వరి, పక్షులు. అక్టోబరులో వెళ్లకూడదు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన పద్ధతి కాదు. సోంపేట బీల అనే చిత్తడి నేలని కాగితాల మీద బంజరు అన్నారు. 2010 జులై 14న అక్కడ థర్మల్ ప్లాంటుకి అడ్డుపడిన జనం మీద కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీళ్ల సంస్థ ఆ ప్లాంటు అనుమతిని రద్దుచేసింది. ఏడాది తిరక్కుండానే, 2011 ఫిబ్రవరి 28న, 2,640 మెగావాట్ల ప్లాంటు వస్తున్న కాకరాపల్లి తంపర దగ్గర మళ్లీ కాల్పులు. ఇద్దరు చనిపోయారు. ఆ తర్వాత పని ఆపమని కేంద్రం చెప్పింది. తంపరలో చేపలు పట్టి, కయ్యల్లో పండించుకుని బతికిన మనుషులు మొదటి రోజు నుంచీ చెబుతూ వచ్చింది ఒక్కటే, ఇది నీటి నేల అని. చదువుకున్నవాళ్లెవరూ దాన్ని రాసుకోలేదు. రాసుకోవడం నేర్పే చదువు ఎక్కడ ఉంది గనక? కాబట్టి మీ కాలేజీ ఒక్కటే ఆ పని మొదలుపెట్టి అందరిలో వేలెత్తి చూపించుకోవాల్సిన అవసరం లేదు.

ఆ సంతబొమ్మాళి అమ్మాయి మళ్లీ వస్తుంది. ఈసారి ఇంటి నుంచి కాగితం పట్టుకొస్తుంది. తంపరలో నీళ్లు ఏ నెలలో ఎంత లోతు ఉంటాయో, ఏ చేప ఎప్పుడు దొరుకుతుందో, ఏ పక్షి ఏ వారం దిగుతుందో వాళ్ల తాతని అడిగి పెన్సిలుతో రాసుకొచ్చి, ఇదే నా ప్రాజెక్టు అంటుంది. మెచ్చుకోండి. ఫాంటు సైజు పన్నెండులో, ఇంగ్లీషులో, నలభై పేజీలకి తగ్గకుండా స్పైరల్ బైండింగుతో మూడు కాపీలు రేపటికల్లా తెమ్మనండి. సాయంత్రం అయిదింటికి పోర్టల్ మూసేస్తారని కూడా చెప్పండి.